రాజుగారి సెలూను, పట్టాలు లేని ఊరు

మిర్యాలగూడ బజార్లో ఎవరినైనా ఆపి సెలూన్ ఎక్కడుందని అడిగితే మంగలి షాపు చూపిస్తారు. రైల్వేలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. అక్కడ సెలూన్ అంటే ఒక్క పెద్దమనిషి కోసం, ఆయన కుటుంబం కోసం, పరివారం కోసం కట్టిన రైలు పెట్టె. పడకగది, కూర్చునే గది, భోజనాల బల్ల, వంటిల్లు, స్నానాల గది అన్నీ ఒక్క పెట్టెలోనే. విశాలమైన గది అనే అర్థంతో బయలుదేరిన పరాయి మాట మన దగ్గరికి రెండు దారుల్లో వచ్చింది. ఒక దారిన రాజుల వైపు పోయింది, ఇంకో దారిన బజార్లో పడ్డది.

ఈ రెండు సెలూన్ల గడపలూ మాల మాదిగలకు మూసే ఉన్నాయి. రాజుగారి పెట్టె సంగతి చెప్పనక్కర్లేదు. మంగలి కత్తి దళితుడి తల మీద ఆనకూడదనే కట్టుబాటు మన పల్లెల్లో ఎన్ని తరాలు నడిచిందో, ఎన్నో చోట్ల ఇంకా ఎట్లా నడుస్తున్నదో పాఠకులకు తెలుసు. ఆ కట్టుబాటు పెట్టింది మంగలి కాదు. ఆయన కూడా దొర గడీలో వెట్టి చేసినవాడే. పెట్టినవాళ్లు వేరే, దాని బరువు మోసినవాళ్లు వేరే. ఈ వ్యాసంలో మేం రాజుగారి సెలూన్ చరిత్రనే రాయాలనుకున్నాం. కాకపోతే ఆ పెట్టె ఎక్కినవాళ్ల వైపు నుంచి కాదు. ఆ పెట్టె ఎన్నడూ రాని మిర్యాలగూడ వైపు నుంచి.

సెలూన్ల గురించి రాసేవాళ్లు మామూలుగా టేకు చెక్క గురించి, దంతపు పని గురించి, పట్టు తెరల గురించి రాస్తారు. ఢిల్లీ చాణక్యపురిలో 1977 ఫిబ్రవరి 1న తెరిచిన జాతీయ రైలు మ్యూజియంలో అట్లాంటి పెట్టెలు ఉన్నాయి. వేల్స్ యువరాజు, అంటే తర్వాత ఏడో ఎడ్వర్డ్ రాజయిన మనిషి, మన దేశం చూడ్డానికి వచ్చినప్పుడు 1875లో చేయించిన సెలూను అక్కడ ఉంది. మైసూరు మహారాజా కోసం 1899లో చేసిన సెలూను ఉంది. చూసినవాళ్లు పనితనానికి ముచ్చటపడి వస్తారు. పనితనం నిజమే. ఆ టేకు చెక్కిన చేతులు ఎవరివి అన్న ప్రశ్న మాత్రం ఆ ముచ్చటలోకి రాదు.

అసలు ఈ పెట్టె ఎట్లా నడుస్తుంది? సెలూనుకు సొంతంగా ఇంజను ఉండదు. మెయిలు బండి తోకకు తగిలిస్తారు, లేదా దానికోసం స్పెషల్ బండి కడతారు. రాజుగారు దిగాల్సిన స్టేషన్లో పెట్టెను విడదీసి పక్క లైన్లోకి నెట్టి నిలబెడతారు. మళ్లీ బయలుదేరేదాకా అదే ఆయన బస. అంటే పెట్టె మాత్రమే ఆయనది. కింద పట్టా ఇంకొకరిది. పట్టా కింద స్లీపర్లు పరిచి కంకర కొట్టింది గ్యాంగు కూలీలు. బొగ్గు తవ్వింది ఇంకొకరు, బాయిలర్లో ఎగదోసింది ఇంకొకరు. అర్ధరాత్రి దీపం పట్టుకొని పాయింట్లు మార్చింది ఇంకొకరు. ప్రైవేటు అన్న మాట సెలూను తలుపు దగ్గర మొదలై సెలూను తలుపు దగ్గరే అయిపోతుంది. ఆ తలుపు అవతల ఉన్నదంతా ఊరుమ్మడి శ్రమ, ఊరుమ్మడి సొమ్ము. మా వాదన మొత్తం ఇంతే. ఇక దీన్ని నిజాం రాజ్యంలో పెట్టి చూద్దాం.

హైదరాబాదు సంస్థానానికి రైలు కోసం బ్రిటిష్ ప్రభుత్వంతో 1870లో ఒప్పందం జరిగింది. 1874 అక్టోబరులో వాడి నుంచి సికింద్రాబాదుకు బండి నడిచింది. ఈ లైను ఎవరికి అవసరం? బొంబాయి–మద్రాసు ప్రధాన మార్గం వాడి మీదుగా పోతుంది. సికింద్రాబాదు, తిరుమలగిరి కంటోన్మెంట్లలో ఉన్న ఇంగ్లీషు పటాలాన్ని ఆ మార్గానికి కలపడం ముఖ్య అవసరం. అవసరం వాళ్లది, డబ్బు నిజాం ఖజానాది. ఖజానాది అంటే శిస్తు కట్టినవాళ్లది.

లైను పడ్డ మూడేళ్లలోపే, 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా చాటిన సభ అది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ అప్పటికి పదేళ్ల పిల్లవాడు. దివాను మొదటి సాలార్‌జంగ్ వెంట ఆయన ఆ సభకు పోయాడు. ఆ సభ జరుగుతున్న రోజుల్లోనే దక్కన్‌లో మహాకరువు పడ్డది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాల్లో జనం లక్షల్లో చచ్చిపోయారు. ఆ తర్వాత 1903లో ఇంకో దర్బారు, 1911 డిసెంబరులో మరొకటి. 1911 నాటికి మహబూబ్ అలీఖాన్ చనిపోయాడు, కొత్త నిజాం ఉస్మాన్ అలీఖాన్ వెళ్లాడు. రాజులకు సెలూన్లు ఎందుకు కావాల్సి వచ్చాయో ఈ దర్బార్లే చెప్తాయి. సొంత రాజ్యంలో ఏనుగు ఉంది, కోట ఉంది, పల్లకి ఉంది. రాజ్యం దాటి తెల్లదొర ముందుకు పోయేటప్పుడు ఏముంది? కోటలో ఒక ముక్కను చక్రాల మీద పెట్టి తీసుకుపోవాలి. తన పైవాడి ముందు తన స్థాయి చూపించుకోవడానికి కింది రాజు పడ్డ తాపత్రయం ఆ టేకు చెక్క మీద కనపడుతుంది. కులవ్యవస్థలో మెట్టు మెట్టుకూ జరిగేది ఇదే కదా. ప్రతి మెట్టు మీదివాడూ పైమెట్టుకు వంగుతాడు, కిందిమెట్టు మీద నిలబడతాడు. అన్నిటికన్నా అడుగున ఉన్నవాడికి నిలబడడానికి నేల మాత్రమే ఉంటుంది, ఆ నేల కూడా ఆయనది కాదు.

1883లో కథ మలుపు తిరిగింది. రైలును వరంగల్లు మీదుగా బెజవాడ వైపు, ఇంకో పాయను చాందా వైపు పొడిగించే పథకం వచ్చింది. లైనును లండన్‌లో పెట్టే ఒక కంపెనీకి అప్పజెప్పాలని నిర్ణయించారు. ఈ వ్యవహారం లోగుట్టు ఏమిటో జనానికి చెప్పాలని హైదరాబాదులో చదువుకున్నవాళ్లు అడిగారు. అఘోరనాథ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వాళ్లలో ముఖ్యులు. అడిగినందుకు 1883 మే నెలలో అఘోరనాథుణ్ణి హైదరాబాదు నుంచి వెళ్లగొట్టారు. హైదరాబాదు రాజ్యంలో తొలినాటి రాజకీయ ఆందోళనల్లో ఒకటి రైలు మీదనే జరిగిందని చరిత్రకారులు రాస్తారు, నిజమే. అయితే ఆ ఆందోళన చదువుకున్న ఇళ్ల దగ్గరే ఆగిపోయింది. ఆ రైలుకు అసలు సొమ్ము కట్టేవాళ్లకు తాము కడుతున్న సంగతే తెలియలేదు.

ఎట్లా కట్టారో చూడాలి. కంపెనీ పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. ఆ పేరులోని గ్యారంటీ అనే మాటలోనే గుట్టు ఉంది. కంపెనీకి లాభం వచ్చినా రాకపోయినా, వాటాదారులు పెట్టిన సొమ్ము మీద ఏటా నూటికి అయిదు చొప్పున వడ్డీకి ఇరవై ఏళ్లపాటు నిజాం ప్రభుత్వం పూచీ పడ్డది. లండన్‌లో కూర్చున్న వాటాదారుకు నష్టం అనేదే లేదు. లోటు వస్తే ఖజానా పూడ్చాలి. ఖజానాకు పెద్ద రాబడి భూమిశిస్తు. భూమిశిస్తు రైతు కట్టాలి. రైతు పొలంలో దున్ని, నాటు వేసి, కోత కోసి, కళ్లం ఊడ్చింది మాలలు, మాదిగలు. నల్లగొండ జిల్లా మిర్యాలగూడ తాలూకాలో పుట్టి, రైలు కూత ఒక్కసారి కూడా వినకుండా చనిపోయిన జీతగాడి చెమట కూడా ఆ వడ్డీలో కలిసింది. లెక్కల పుస్తకాల్లో ఆయన పేరు ఉండదు. ఆయన చెమటకు ఖాతా లేదు.

కంపెనీ 1885లో లైనును చేతుల్లోకి తీసుకుంది. 1886కు వరంగల్లు, 1888కి ఇల్లెందు బొగ్గు గనులు, 1889 ఫిబ్రవరికి బెజవాడ. అంటే లైను మూడు వాసనలు పట్టుకొని పోయింది, సైన్యం, బొగ్గు, సముద్రం. రైలు ఒప్పందం నడిపించిన అబ్దుల్ హఖ్ గనుల కౌలు వ్యవహారంలో కుంభకోణం బయటపడి 1888లో పదవి పోగొట్టుకున్నాడు. లండన్ పార్లమెంటు ఆ కౌలు మీద విచారణ సంఘం వేసింది. ఆ విచారణ అంతా వాటాలు ఎవరెవరికి ఎట్లా పోయాయన్న దాని మీద. బొగ్గు బావిలోకి దిగేవాడు ఆ విచారణలో సాక్షి కాదు.

ఇంతకూ నిజాంకు ఏది సొంతం, ఏది ప్రజలది? ఈ ప్రశ్నకు ఆ రాజ్యంలో విచిత్రమైన జవాబు ఉంది. రాజ్యంలో సుమారు పదో వంతు భూమి సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఖర్చుకు కేటాయించిన భూమి. దాని శిస్తు ప్రభుత్వ ఖజానాకు పోదు, నేరుగా నిజాం ఇంటికి పోతుంది. మిగిలినదాంట్లో దివానీ కొంత, జాగీర్లు కొంత. సర్ఫెఖాస్‌ను దివానీలో కలిపింది 1949 ఫిబ్రవరిలో, పోలీసు చర్య అయిన తర్వాత. అదే ఏడు ఆగస్టులో జాగీర్ల రద్దు జరిగింది. అప్పటిదాకా రాజు సొంత డబ్బు అన్నది కూడా పల్లెల నుంచి వచ్చిన శిస్తే. కాబట్టి సెలూను నిజాం సొంత జేబు నుంచి కొన్నదా, ప్రభుత్వ ఖర్చుతో చేయించిందా అని తర్కించి లాభం లేదు. ఆ జేబు కుట్టింది కూడా పల్లెలే.

మరి మిర్యాలగూడ దగ్గర ఏముండె? రైలు మాత్రం లేకపోయె. నిజాం లైను ఉత్తరాన భువనగిరి, కాజీపేట, వరంగల్లు మీదుగా వంపు తిరిగి డోర్నకల్, ఖమ్మం పట్టుకొని బెజవాడకు పోయింది. దక్షిణాన కృష్ణ దాటితే గుంటూరు–మాచర్ల మీటర్‌గేజి మీద నడికుడి స్టేషను, అది ఇంగ్లీషు వాళ్ల మద్రాసు రాజ్యం. ఈ రెండు లైన్ల మధ్య సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ పట్టా ముఖం చూడకుండా ఉండిపోయాయి. అట్లాగని ఇక్కడ ప్రైవేటు వాహనం లేదా? ఉంది. దొరసాని కోసం మేనా ఉంది, దొర కోసం సవారీ కచ్చడం ఉంది. మేనాకు చక్రాలు లేవు, భుజాలు ఉన్నాయి. బోయీలు మోశారు. ముందు దివిటీ పట్టుకొని ఒకడు ఉరికాడు, వెనుక మూట నెత్తిన పెట్టుకొని ఒకడు ఉరికాడు. దానికి కూలి లేదు, దాని పేరు వెట్టి.

సర్కారు అధికారి దౌరా వస్తే ఇది ఇంకా పెద్దది. అవ్వల్ తాలూకాదారు గుడారం దిగిన ఊళ్లో మాల మాదిగ ఇంటికొక మనిషి లెక్కన వెట్టికి పోవాలి. కట్టెలు కొట్టాలి, గుర్రాలకు గడ్డి తేవాలి, కబురు చేరవేయాలి, సామాను పక్క ఊరిదాకా మోయాలి. మాదిగలు చెప్పులు, మోట తోలు ఊరికే ఇవ్వాలి. చాకలి, మంగలి, కుమ్మరి, గొల్ల అందరికీ తలా ఒక వెట్టి. వెట్టి వద్దని నిజాం ఫర్మానాలు వచ్చాయి, కాగితం మీద ఉండిపోయాయి. సూర్యాపేట తాలూకాలో లక్ష ఎకరాలకు పైన భూమి ఒక్క దేశ్‌ముఖ్ కుటుంబం చేతిలో ఉందని సాయుధ పోరాట నాయకులు లెక్కగట్టి రాశారు. అట్లాంటి చోట ఫర్మానా ఎవరు చదువుతారు, ఎవరు వింటారు? ఒక రాజు రైలులో, ఒక దొర మేనాలో. రెండూ ఒకే బండి. రాజుకు ఇంజను ఉంది కాబట్టి మోసేవాడు కంటికి కనపడలేదు. దొర మేనా కింద మోసేవాడు కనపడ్డాడు. తేడా అంతే.

ఇక్కడ ఒక వాదం వినపడుతుంది. రైలు కులాన్ని బద్దలు కొట్టింది, మూడో తరగతి పెట్టెలో బాపనోడు, మాలోడు పక్కపక్కన కూర్చోవాల్సి వచ్చింది అంటారు. ఇందులో కొంత నిజం ఉంది, దాన్ని మేం కాదనం. 1917 నవంబరు 4, 5, 6 తేదీల్లో బెజవాడలో పంచమ మహాసభ పేరుతో సభ జరిగింది. హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డివర్మ వచ్చి అధ్యక్షత వహించారు. పంచములు అనే పేరు మాకొద్దు, మేం ఈ నేల తొలి బిడ్డలం అని ఆ సభ ఆది ఆంధ్ర అనే పేరు పెట్టుకుంది. సభకు వచ్చినవాళ్లు ఎక్కడ గుళ్లోకి వస్తారో అని ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి తలుపులు మూశారట. హైదరాబాదును బెజవాడకు కలిపిన లైను మాత్రం అప్పటికి ఇరవై ఎనిమిదేళ్లుగా తెరిచే ఉంది. బొగ్గు కోసం, పటాలం కోసం వేసిన పట్టా మన ఉద్యమాన్ని కూడా మోసింది. గుడి మూసుకుంటే మూసుకోనీ, టిక్కెట్టు కొన్నవాడికి స్టేషను మూయలేకపోయారు.

కానీ స్టేషను దాటగానే ఏమైంది? 1901లో పదేళ్ల పిల్లవాడు అంబేద్కర్ అన్నతో, మేనల్లుడితో కలిసి సాతారా నుంచి తండ్రి దగ్గరికి బయలుదేరాడు. మసూరు స్టేషన్లో దిగాడు. వాళ్ల బట్టలు చూసి ఎవరో పెద్దింటి పిల్లలనుకున్న స్టేషన్‌మాస్టరు, మహార్లని తెలియగానే వెనక్కి జరిగాడు. బండ్లవాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు డబ్బిచ్చి తామే బండి తోలుకోవాల్సి వచ్చింది. దారంతా తాగడానికి నీళ్లు దొరకలేదు. రైలు మోసిన మనిషిని ఎడ్లబండి మోయలేదు. 1934లో ఆయన నిజాం రాజ్యంలోకి వచ్చారు. దౌలతాబాదు కోట చూడ్డానికి పోయి, వాకిట్లో ఉన్న నీళ్ల తొట్టిలో కాళ్లు, మొహం కడుక్కున్నందుకు అంటరానివాళ్లు తొట్టిని మైలపరిచారని ఆయన బృందం మీదికి వచ్చారు. దౌలతాబాదు నిజాం మీటర్‌గేజి మీదనే ఒక స్టేషను. మన్మాడ్ నుంచి సికింద్రాబాదుకు వేసిన ఆ లైను మీద ఎవరైనా టిక్కెట్టు కొని ఎక్కవచ్చు. కోటలో నీళ్లు ముట్టుకోవడానికి మాత్రం ఏ టిక్కెట్టూ పనికిరాలేదు. స్టేషన్లలో కూడా హిందూ నీళ్లు, ముస్లిం నీళ్లు అని వేరువేరు కుండలుండేవి. ఆ హిందూ నీళ్లు పోసే చెయ్యి పైకులం చెయ్యే అయి ఉండాలన్నది ఎవరూ బోర్డు మీద రాయనక్కర్లేని చట్టం.

అంటే రైలు రెండు పనులూ చేసింది. మూడో తరగతిలో మనుషుల్ని కలిపింది, తరగతుల పేరుతో మళ్లీ విడదీసింది. ఆ విడదీతకు కొస సెలూను. అది తనను తాను ఎవరూ తాకకుండా చుట్టూ గోడ కట్టుకున్న పెట్టె. అగ్రహారాన్ని చక్రాల మీద పెడితే అట్లానే ఉంటుంది.

ఆ గోడ లోపల కూడా ఒక మూల ఉంది, ఆ మూల గురించి ఎవరూ రాయరు. అది మరుగుదొడ్డి. సంస్థానాధీశుల సెలూన్లలో స్నానాల గది, మరుగుదొడ్డి మొదటి నుంచీ ఉన్నాయి. మామూలు జనం ఎక్కే కింది తరగతి పెట్టెల్లోకి మరుగుదొడ్డి వచ్చింది చాలా ఆలస్యంగా. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే బెంగాలీ ప్రయాణికుడు స్టేషన్లో బహిర్భూమికి దిగి, బండి కదిలిపోతే చెంబుతో పరుగెత్తి పడిపోయి, రైల్వేకు రాసిన ఫిర్యాదు ఉత్తరం అందరికీ నవ్వులాటగా తెలుసు. ఉత్తరం చదివి నవ్వుతాం గానీ ఇంకో ప్రశ్న అడగం. రాజుగారి పెట్టెలో అయినా, తర్వాత జనం పెట్టెల్లో అయినా, ఆ మలాన్ని చివరికి ఎత్తింది ఎవరు? పెట్టె కింద పట్టా మీద పడ్డదాన్ని చీపురుతో, రేకుతో ఎత్తినవాళ్లు ఏ కులం వాళ్లు? దీనికి జవాబు చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. ఏ స్టేషనుకు పోయినా కనపడింది.

రాజుల కాలం పోయింది. 1930 ఏప్రిల్ 1న నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైలును కొనుక్కుంది. 1948 సెప్టెంబరు 17తో ఆసఫ్‌జాహీల పాలన ముగిసింది. 1951 నవంబరు 5న నిజాం రైలు సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డది. నిజాం 1967లో చనిపోయాడు, 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. మరి సెలూన్లు? రాజులు దిగిపోయారు, పెట్టెలు ఉన్నాయి.

1982 జనవరి 26న, గణతంత్ర దినం నాడే, రాజస్థాన్‌లో ప్యాలెస్ ఆన్ వీల్స్ అనే పర్యాటక రైలు మొదలైంది. చక్రాల మీద రాజభవనం అని పేరు. రాజపుతానా రాజుల పెట్టెలు, గుజరాత్ రాజుల పెట్టెలు, వైస్రాయి పెట్టెలు, హైదరాబాదు నిజాం పెట్టెలు ఒక్కచోట చేర్చి మీటర్‌గేజి మీద ఆవిరి ఇంజనుతో నడిపారు. ఎక్కినవాళ్లు ఎక్కువమంది విదేశీ పర్యాటకులు, టిక్కెట్టు ధర డాలర్లలో. పాత పెట్టెలు సౌకర్యంగా లేవని 1991లో వాటిని తీసేసి కొత్త పెట్టెలు పెట్టారు. కొత్తవాటికి కూడా పాత రాజ్యాల పేర్లే పెట్టారు. నిజాం సెలూను కథలో మాకు కొట్టొచ్చినట్టు కనపడేది ఇదే. తెలంగాణ శిస్తుతో, తెలంగాణ వెట్టితో బతికిన రాజుగారి పెట్టె రాజస్థాన్ ఎడారి చూసింది, మిర్యాలగూడ చూడలేదు. గణతంత్రం వచ్చాక కూడా ఆ పెట్టె జనం పెట్టె కాలేదు, డబ్బున్నవాడి పెట్టె అయింది.

రైల్వేలో అధికారుల సెలూన్లు కూడా అట్లాగే కొనసాగాయి. తనిఖీ పెట్టె అని పేరు. లైను తనిఖీకి అది అవసరమే, మారుమూల స్టేషన్లో బస ఉండదు కాబట్టి. కానీ తనిఖీకి ఎంత, దర్జాకు ఎంత అన్నది తేలలేదు. 2017 అక్టోబరులో పెద్ద అధికారులు సెలూన్లు వదిలి మామూలు తరగతుల్లో తిరగాలని రైల్వే మంత్రి చెప్పారు. అప్పుడే ఇంకో లెక్క కూడా పత్రికల్లో వచ్చింది. పట్టాల మీద పని చేయాల్సిన ట్రాక్‌మన్లు సుమారు 30,000 మంది పై అధికారుల ఇళ్లల్లో చాకిరీ చేస్తున్నారు, వాళ్లను వెనక్కి పిలుస్తున్నాం అని. ఆ 30,000 అంకె దగ్గర పాఠకులు ఒక్క క్షణం ఆగాలి. అవ్వల్ తాలూకాదారు దౌరాకు, దీనికి తేడా ఏముంది? జీతం ఉంది, అంతే. వెట్టి రద్దయిందని చట్టం చెప్తుంది, వెట్టి అలవాటు రద్దు కాలేదని ఈ అంకె చెప్తుంది. మరుసటేడు 2018 మార్చి 30న మొదటి సెలూను పెట్టెను ప్రజలకు అద్దెకిచ్చి ఢిల్లీ నుంచి కట్రాకు పంపారు. అద్దె సుమారు రెండు లక్షల రూపాయలు. అప్పటికి రైల్వేలో 336 సెలూన్లు ఉన్నాయని, వాటిలో 62 ఏసీవని లెక్క చెప్పారు. ప్రజలకు తెరిచాం అన్నారు. రెండు లక్షల ప్రజలు ఎవరో వాళ్లే చెప్పాలి.

ఈ మధ్యలో మిర్యాలగూడకు రైలు వచ్చింది. ఎట్లా వచ్చింది? నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడ్డది. 1967 ఆగస్టులో ఎడమ కాలువకు నీళ్లు వదిలారు. మెట్టభూములు వరిమళ్లయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు పుట్టగొడుగుల్లా లేచాయి, కృష్ణ ఒడ్డున సున్నపురాయి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలు లేచాయి. అప్పుడు బీబీనగర్–నడికుడి లైను కావాల్సి వచ్చింది. 1970ల్లో పని మొదలై 1980ల్లో మిర్యాలగూడ దాకా, ఆ తర్వాత కృష్ణ దాటి నడికుడి దాకా పట్టా పడ్డది. వాడి–సికింద్రాబాదు లైను పడ్డ తర్వాత సుమారు నూరేళ్లకు. ఇప్పుడు నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ మిర్యాలగూడ మీదుగానే తిరుపతికి పోతుంది. జనరల్ బోగీలో కాలు పెట్టే చోటు దొరకదు, అయినా ఎక్కుతాం. సూర్యాపేట, కోదాడ పట్నాలకు ఈనాటికీ స్టేషను లేదు. 2016లో సూర్యాపేట జిల్లా అయింది గానీ పట్టా రాలేదు.

వచ్చిన లైను కూడా మనుషుల కోసం కన్నా బియ్యం కోసం, సిమెంటు కోసం వచ్చింది. అందుకు మేం బాధపడటం లేదు, సరుకు కదిలితే పని దొరుకుతుంది. పని ఎవరికి, ఎట్లాంటిది? మిల్లు యజమాని ఎవరు, కాలువ కింద ఎకరాలు ఎవరివి, వ్యాగనులోకి బస్తా మోసే హమాలీ ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు కులం పేర్లతో జవాబు రాసుకుంటే మిర్యాలగూడ ఆర్థిక చరిత్ర సగం రాసినట్టే. మేనా మోసిన భుజం బస్తా మోస్తున్నది. ఈసారి కూలి ఉంది, సంఘం ఉంది, ఎర్రజెండా ఉంది, నీలిజెండా ఉంది. ఇది చిన్న మార్పు కాదు. కానీ భుజం మాత్రం అదే కులం భుజం.

పట్టాల మీద మలం సంగతి కూడా ముగించాలి. పాకీపనిని నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది, 2013లో ఇంకో చట్టం వచ్చింది. ఆ చట్టాలు రావడానికి, అమలు కావడానికి కొట్లాడినవాళ్లలో సఫాయి కర్మచారి ఆందోళన్ ముందుంది. దాని నాయకుడు బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల పాకీవాడలో పుట్టిన తెలుగు దళితుడు. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు ఆ సంఘం వేసిన కేసులోనే తీర్పు చెప్తూ, పట్టాల మీద పాకీపనిని గడువు పెట్టుకొని ఆపాలని రైల్వేను ఆదేశించింది. తర్వాతి అయిదారేళ్లలో బోగీలకు బయో టాయిలెట్లు బిగించారు. మలం పట్టా మీద పడటం చాలావరకు ఆగింది. రాజుగారి స్నానాల గది చరిత్ర 1870ల్లో మొదలైందనుకుంటే, దాని కింద వంగిన మనిషి నడుము లేవడానికి దగ్గరదగ్గర నూట యాభై ఏళ్లు పట్టింది.

ఆ నడుము పూర్తిగా లేచిందా అంటే లేదు. బోగీలు ఊడ్చే పని, స్టేషన్లు కడిగే పని ఇప్పుడు కాంట్రాక్టర్ల చేతిలో ఉంది. రైల్వే ఉద్యోగంలో ఎస్సీ, ఎస్టీలకు రిజర్వేషన్ ఉంటుంది. కాంట్రాక్టరు కింద కూలికి అది వర్తించదు. అయినా ఊడ్చేవాళ్లు మాత్రం మనవాళ్లే. కాగితం మీద రిజర్వేషన్ లేని చోట చీపురు దగ్గర మాత్రం నూటికి నూరు రిజర్వేషన్. 2021 నవంబరులో భారత్ గౌరవ్ పేరుతో బోగీలను ప్రైవేటు వాళ్లు అద్దెకు తీసుకొని సొంతంగా బండ్లు నడుపుకునే పథకం తెచ్చారు. పట్టా సర్కారుది, పెట్టె ప్రైవేటుది. ఇది కొత్త సంగతి అంటున్నారు. నిజాం సెలూను చరిత్ర తెలిసినవాళ్లకు ఇందులో కొత్త ఏమీ లేదు. నష్టం వస్తే జనానిది, దర్జా మాత్రం ఎక్కినవాడిది. 1883లో దానికి గ్యారంటీ అని పేరు. ఇప్పుడు ఇంకా అందమైన పేర్లు ఉన్నాయి.

రాజుల సెలూన్లను తగలబెట్టమని మేం అనడం లేదు. ఉండనీయండి, మ్యూజియంలో భద్రంగా ఉండనీయండి. వాటి పక్కన పెట్టిన బోర్డు మాత్రం మార్చాలి. ఈ పెట్టె ఫలానా రాజుది, ఇంత టేకు, ఇంత దంతం అని రాసిన చోటే ఇంకో నాలుగు ముక్కలు రాయాలి. దీనికి వడ్డీ కట్టిన తాలూకాలు ఏవి, అందులో ఎన్ని తాలూకాలకు పట్టా లేకపోయె, దీనికి బొగ్గు తవ్విన ఊరు ఏది, దీన్ని కడిగినవాళ్ల కులం ఏది అని. మన పిల్లలు ఢిల్లీ పోయి ఆ పెట్టెను అద్దంలోంచి చూసినప్పుడు అందులో తమ తాతలు కూడా కనపడాలి. ఎక్కినవాడి పేరు ఒక్కటే రాస్తే అది యజమాని పత్రం అవుతుంది. మోసినవాడి పేరు కూడా రాస్తేనే చరిత్ర అవుతుంది.